భ్రమణం వేరు, భ్రమ వేరు: శిరోవ్యాధి పీడితుల పట్ల ధర్మం

"సామీ, ఏ జన్మలో ఏం పాపం చేసినానో, ఈ తలనొప్పి నన్ను బతకనీదు." హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ఆలయాలలో అర్చకులకు ఈ మాట కొత్తది కాదు. తీర్థం అందుకోవడానికి చాచిన చేయి వణుకుతుంది, రెండవ చేయి స్తంభాన్ని ఆనుకొని ఉంటుంది, హారతి వెలుగు పడగానే కనురెప్పలు మూసుకుంటాయి. ఆ భక్తురాలికి జ్వరం లేదు, గాయం లేదు. స్కానింగులో ఏమీ కనబడలేదని వైద్యులు చెప్పి ఉంటారు. కనుక ఇంటివారు 'సోమరితనం' అంటారు, ఇరుగుపొరుగు 'దిష్టి' అంటారు, శాస్త్రం సగం విన్నవారు 'ప్రారబ్ధం' అంటారు. ఈ మూడు మాటలలో మూడవది అతి క్రూరమైనది. ఎందుకంటే అది ధర్మం పేరుతో పలుకబడుతుంది.

దీర్ఘకాలిక శిరోవేదనతో, ఎడతెగని తలతిరుగుడుతో జీవించేవారి పట్ల సనాతన ధర్మం నిజంగా ఏమి చెబుతున్నదో విచారించడం భక్తులందరి కర్తవ్యం. విచారణ చేయకుండా ఇచ్చే తీర్పు ఎంతటి అనర్థమో ఈ ప్రాంతీయులకు వేరే చెప్పనక్కరలేదు. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో నిర్మింపజేసిన విరూపణ్ణ కథ స్థలపురాణంగా నేటికీ వినబడుతున్నది. కోశధనం దుర్వినియోగమైనదని విని ప్రభువు కన్నులు తీయించమన్నాడట. విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసిరాడట. ఆ ఎర్రని మరకలను యాత్రికులు ఈనాటికీ చూస్తారు. చరిత్రకారులు దీనిని ఐతిహ్యమనే అంటారు. అయినా రోగపీడితులను చూసి తొందరపడి తీర్పు చెప్పేవారు ఆ గోడ ఎదుట ఒక్క క్షణం నిలబడి ఆలోచించడం మంచిది.

వ్యాధి స్వరూపం

ప్రాచీన వైద్యాచార్యులు ఈ వ్యాధిని కల్పితమని అనలేదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం 25వ అధ్యాయం 11 శిరోరోగాలను వివరిస్తుంది. వాటిలో ఒకటి అర్ధావభేదకం, అనగా తలలో సగభాగాన్ని చీల్చే నొప్పి. జనభాషలో దీనినే ఒంటితలనొప్పి అనీ, పార్శ్వపు నొప్పి అనీ అంటారు. ఇది 15 దినాలకో, 10 దినాలకో, లేక అకస్మాత్తుగానో వస్తుందని సుశ్రుతుడు చెబుతూ, చీల్చడం, పొడవడం అనే బాధలతో పాటు 'భ్రమ'ను కూడ లక్షణంగా లెక్కించాడు. ఆయుర్వేదంలో భ్రమ అంటే తలతిరుగుడు. శిరశ్శూల, తలతిరుగుడు ఒకే వ్యాధికి రెండు ముఖాలు కావచ్చునని ఆ ఆచార్యుడు గుర్తించాడన్నమాట. సూర్యోదయంతో మొదలై మధ్యాహ్నం వరకు పెరిగి, సూర్యుడు వాలేకొద్దీ తగ్గే నొప్పికి సూర్యావర్తమని వేరే పేరు ఉన్నది. చరకసంహిత సిద్ధిస్థానం తొమ్మిదవ అధ్యాయం అర్ధావభేదకానికి రూక్షాహారం, తిన్నదానిపై మళ్ళీ తినడం, తూర్పుగాలి, మంచు, సహజవేగాలను ఆపుకోవడం, అతిశ్రమ మొదలైనవాటిని కారణాలుగా చెబుతుంది. ఆ జాబితా యావత్తూ ఆహారానికి, ఋతువుకు, దినచర్యకు చెందినది. పూర్వజన్మ ప్రస్తావన అందులో లేదు.

ఆధునిక వైద్యం కూడ ఇదే దిశలో నడిచింది. మూడు నెలలకు మించి, నెలకు 15 లేక అంతకు ఎక్కువ దినాలు తలనొప్పి ఉండి, వాటిలో కనీసం 8 దినాలు మైగ్రేన్ లక్షణాలు కనబడితే దానిని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. తలతిరుగుడు ప్రధానంగా ఉండే రూపానికి వెస్టిబ్యులర్ మైగ్రేన్ అని పేరు. దాని నిర్ణయ లక్షణాలను బారానీ సొసైటీ, అంతర్జాతీయ శిరోవేదనా సంఘం కలిసి 2012లో ప్రకటించాయి. నిలిచినా, నడిచినా, జనసమ్మర్దంలో తిరిగినా అధికమవుతూ, మూడు నెలలు లేక అంతకు పైగా దాదాపు ప్రతిదినమూ ఉండే తూలుడుకు కూడ 2017లో ప్రత్యేక నిర్వచనం ఏర్పడింది. లోపలి చెవిలోని మూడు అర్ధవర్తుల కుల్యలు, కన్నులు, పాదాల స్పర్శ ఈ మూడింటి వార్తలను మెదడు కలిపి చూసుకున్నప్పుడే మనిషి స్థిరంగా నిలుస్తాడు. ఆ సమన్వయం చెడినప్పుడు స్కానింగు చిత్రం స్వచ్ఛంగానే ఉండవచ్చు, మనిషి మాత్రం నిలువలేడు. వీణ ఆకారం చెక్కుచెదరకుండానే శ్రుతి తప్పవచ్చు కదా! మైగ్రేన్ పురుషులలో కంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికం. లోకంలో మనుషులను అశక్తులను చేసే వ్యాధులలో ఇది ముందువరుసలో ఉన్నది.

ఈ నేలపై ఈ బాధ

2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణాల జీవనవిధానాన్ని పరిశీలిస్తే బాధ ఎంత లోతైనదో తెలుస్తుంది. ధర్మవరంలో పట్టునేత కులవృత్తి. గుంటమగ్గంలో కాళ్ళు దించి కూర్చున్న నేతగాడి చూపు పడుగుపోగులపై, అటునిటు పరుగెత్తే నాడెపై, మెరిసే జరీపై గంటల తరబడి నిలవాలి. దగ్గరదగ్గరగా సాగే గీతలు, మెరుపులు, కదలికలు మైగ్రేన్ పీడితులకు సహింపరానివి. ఇంట్లో మగ్గమే అన్నం పెడుతుంది కనుక మగ్గం ఆగితే పూట గడవదు. పెనుకొండ సమీపంలో ఎర్రమంచి వద్ద 2019లో కార్ల ఉత్పత్తి మొదలైన తరువాత ఆ పరిసరాలలో షిఫ్టుల ఉద్యోగాలు పెరిగాయి. నిద్రవేళ వారం వారం మారితే ఈ వ్యాధి విజృంభిస్తుంది. హిందూపురం బెల్లం, చింతపండు మార్కెట్టులో ఎండలో బస్తాలు మోసే కూలీకి నీడ తక్కువ, నీరు తక్కువ, భోజనవేళకు నియమం లేదు. అనంతపురం సీమ ఎండ సంగతి చెప్పనే అక్కరలేదు.

గృహిణుల స్థితి మరింత కష్టమైనది. వరలక్ష్మీ వ్రతంనాడు తెల్లవారకముందే తలస్నానం, నిరాహారం, పొయ్యి వేడి, నూనెపొగ, సాంబ్రాణి, అతిథుల కోలాహలం, వీటన్నింటి నడుమ ఒక కోడలికి కణత పగులుతున్నట్లుంటుంది. ఆమె చీకటి గదిలో పడుకుంటే 'పండుగపూట పడక' అని నిష్ఠురం. పడుకోకపోతే పొయ్యి దగ్గర తూలి పడే ప్రమాదం. లక్ష్మీస్వరూపమని పూజకు పిలిచి పసుపు కుంకుమలిచ్చే ఇంట్లోనే ఆ లక్ష్మికి రెండు గంటల విశ్రాంతి దొరకకపోవడం ఏ వ్రతకల్పంలోనూ విధించబడలేదు.

పాపఫలమనే వాదం

కర్మసిద్ధాంతం సత్యమే. దానిని నిరాకరించి సనాతన ధర్మం నిలువదు. అయితే సిద్ధాంతం సత్యమైనంత మాత్రాన దానిని ఎవరు, ఎవరిపై, ఎప్పుడు ప్రయోగిస్తున్నారన్నది అప్రధానం కాదు. కర్మవిపాక గ్రంథాలు ఈ పాపానికి ఈ రోగమని చెప్పినది మానవుడు దుష్కర్మకు పూనుకొనక ముందే భయపడి ఆగాలని, చేసినవాడు తనకు తానే ప్రాయశ్చిత్తం చేసుకోవాలని. రోగి తలవైపు నిలబడి తీర్పు చదవమని కాదు. ఇతరుల సంచితాన్ని చదవగల దృష్టి ఋషులకు ఉండవచ్చు. పక్కింటివారికి లేదు.

చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో ఈ ప్రశ్నే వచ్చింది. ఆయువు సర్వమూ ముందే నియతమైనదైతే మంత్రాలు, ఔషధాలు, హోమాలు ఎందుకని అక్కడ తర్కించబడింది. దైవం, పురుషకారం రెండూ కలిసి ఫలాన్ని నిర్ణయిస్తాయి. పూర్వజన్మకృతం దైవం, ఈ జన్మలో చేసేది పురుషకారం. దుర్బలమైన దైవాన్ని బలమైన పురుషకారం జయిస్తుంది. ఆ ఆచార్యుని నిర్ణయం ఇదే. కర్మను నమ్మినవాడే ప్రయత్నాన్ని గట్టిగా నమ్మాలి. చికిత్స కూడ కర్మయే కదా! 'నీ కర్మ, అనుభవించు' అనేవాడు సగం కర్మసిద్ధాంతాన్ని మాత్రమే చెబుతున్నాడు. ఆ సగం కూడ ఇతరులకు మాత్రమే చెబుతున్నాడు.

పైగా, రోగిని చూసినవాని కర్మ మాట ఏమిటి? రోగికి ఈ వేదన ప్రారబ్ధమనే అనుకుందాం. ఆ వేదన ఎదుట నిలిచినవానికి అదే క్షణం ఆగామికర్మను నిర్మించుకునే సమయం. ఓదార్పు పలికితే పుణ్యం, పరుషం పలికితే పాపం. రోగి గతాన్ని లెక్కించే శ్రమను మాని తన భవిష్యత్తును చూసుకోవడం వానికే శ్రేయస్కరం.

యజ్ఞశిరస్సుకే వైద్యులు కావలసి వచ్చారు

'దేవుని నమ్మినవారికి మందులెందుకు?' అనే ప్రశ్న మరికొందరిది. వేదం వినినవారు ఈ ప్రశ్న వేయరు. అథర్వవేదం తొమ్మిదవ కాండం ఎనిమిదవ సూక్తం శిరోవేదన, శిరోరోగం, కర్ణశూలలను పేరు పెట్టి పిలిచి బయటకు వెళ్ళగొట్టడంతోనే ఆరంభమవుతుంది. నమకం మొదటి అనువాకంలోనే రుద్రుడు దివ్యవైద్యుడుగా కీర్తించబడ్డాడు. అన్నింటికంటె స్పష్టమైనది తైత్తిరీయ సంహిత ఆరవ కాండంలోని వృత్తాంతం. యజ్ఞం యొక్క శిరస్సు తెగిపోయింది. దేవతలందరూ ఉన్నారు, మంత్రాలన్నీ ఉన్నాయి. అయినా వారు అశ్వినీదేవతలను పిలిచి, మీరు వైద్యులు కదా, ఈ శిరస్సును తిరిగి సంధించండి అని అర్థించారు. అశ్వినులు అందుకు ప్రతిగా సోమంలో తమకు భాగం అడిగి పొందారు. యజ్ఞశిరస్సుకే వైద్యుడు అవసరమైనప్పుడు మానవశిరస్సుకు అవసరం కావడం అవిశ్వాసం ఎట్లా అవుతుంది?

కనుక శిరోవ్యాధి పీడితులు సంకోచం లేకుండా వైద్యుని ఆశ్రయించాలి. తలనొప్పి వచ్చినప్పుడల్లా మందుల దుకాణంలో మాత్ర కొని మింగడం చికిత్స కాదు. నెలకు 15 దినాలు లేక అంతకు మించి సాధారణ నొప్పిమాత్రలు నెలల తరబడి వాడితే ఆ మాత్రలే కొత్త తలనొప్పిని పుట్టిస్తాయి. వ్యాధి రాకుండా నివారించే మందులు వేరే ఉన్నాయి. వాటి ఫలం కొన్ని వారాలకు గాని తెలియదు, మధ్యలో మానరాదు. వాటిలో కొన్ని గర్భవతులకు హానికరం కనుక స్వయంగా వాడరాదు. తూలుడుకు కన్నులకు, మెడకు, నడకకు సంబంధించిన ప్రత్యేక వ్యాయామాలు ఉన్నాయి. ఎన్నడూ లేనంత తీవ్రమైన నొప్పి క్షణంలో విరుచుకుపడినా, మాట ముద్దగా వచ్చినా, ఒక పక్క కాలుచేతులు పడిపోయినా, వస్తువులు రెండుగా కనబడినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, తలకు దెబ్బ తగిలిన తరువాత నొప్పి పెరిగినా అది మొక్కుబడికి వేళ కాదు, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేరవలసిన వేళ. మొక్కు తరువాత తీర్చుకోవచ్చు. స్వామి వేచి ఉంటాడు, మెదడు వేచి ఉండదు.

తితిక్ష, భ్రమ, సాక్షి

వేదాంతం చదివినవారు రెండు అభ్యంతరాలు చెబుతారు. దుఃఖాన్ని ప్రతీకారం లేకుండా సహించడమే తితిక్ష కదా అన్నది మొదటిది. ఆ లక్షణం సర్వం త్యజించి జ్ఞానానికై కూర్చున్న ముముక్షువుకు చెప్పబడినది. పిల్లల ఆకలి, మగ్గం అప్పు, అత్తమామల సేవ భుజాన మోసే గృహస్థునికి యథాతథంగా వర్తించదు. కుమారసంభవం ఐదవ సర్గలో బ్రహ్మచారి వేషంలో వచ్చిన పరమశివుడే తపస్సు చేస్తున్న పార్వతిని, నీ శక్తికి తగినట్లే చేస్తున్నావా అని ప్రశ్నించి, ధర్మసాధనకు దేహమే మొదటి సాధనమని గుర్తుచేస్తాడు. భగవద్గీత పదిహేడవ అధ్యాయం కూడ దేహాన్ని మూఢంగా పీడించే తపస్సును తామసమన్నది. చికిత్స చేసుకున్న తరువాత కూడ మిగిలే బాధను కుంగిపోకుండా భరించడమే గృహస్థుని తితిక్ష.

జగత్తే మిథ్య అయినప్పుడు తలతిరుగుడు భ్రమ కాదా అన్నది రెండవ అభ్యంతరం. ఇక్కడ ఒకే శబ్దం రెండు శాస్త్రాలలో రెండు అర్థాలు పొందింది. రజ్జువులో సర్పాన్ని చూడడం వేదాంతుల భ్రమ. దీపం తెచ్చిన క్షణంలో అది తొలగుతుంది. వైద్యుల భ్రమ దేహధర్మం. జ్ఞానం కలిగినా అది దేహంలో ఉంటుంది. వ్యవహారదశలో ఆకలి ఎంత సత్యమో తలతిరుగుడూ అంత సత్యం. అన్నం మిథ్య అని భోజనం మానని వేదాంతి, రోగి మందును మాత్రం మిథ్య అనడం న్యాయం కాదు.

అట్లని వేదాంతం రోగికి ఏమీ ఇవ్వదని కాదు. బృహదారణ్యకోపనిషత్తు ఐదవ అధ్యాయం పదకొండవ బ్రాహ్మణం వ్యాధిగ్రస్తుడు తపించడాన్నే పరమతపస్సుగా భావించమని ఉపదేశించింది. నిందించక, విషాదపడక అట్లు భావించినవానికి కర్మక్షయమని భాష్యకారుల వివరణ. ఉపనిషత్తు ఈ భావనను ఎవరికి ఇచ్చిందో గమనించాలి. అది రోగి తనకు తాను చేసుకునే ఉపాసన. చుట్టుపక్కలవారు అతనిపై విధించే ఆజ్ఞ కాదు. ఉపవాసి తన ఆకలిని వ్రతం అనవచ్చు. అన్నం పెట్టనివాడు ఎదుటివాని ఆకలిని వ్రతం అంటే అది అపచారం.

నొప్పి కొంత శాంతించిన వేళ సాధకుడు మరొక విచారణ చేయవచ్చు. గది తిరుగుతున్నది, దేహం తూలుతున్నది. ఈ రెండూ తెలుస్తున్నాయి. తెలుసుకునే ఎరుక తిరుగుతున్నదా? తిరిగేదానిని తిరుగుతున్నదని ఎరిగేది తాను తిరగనిదై ఉండాలి. ఆ సాక్షి స్థిరం. నిలువలేని దేహంలో నిలిచి ఉన్నదాన్ని గుర్తించే అవకాశం ఈ రోగికి, పాపం, దినదినమూ వస్తున్నది. అయితే నొప్పి పరాకాష్ఠలో ఉన్నప్పుడు ఈ విచారణ చేయమని ఎవరూ అడగరాదు. అప్పుడు కావలసినది చీకటి, నిశ్శబ్దం, చల్లని గుడ్డ, పక్కన మౌనంగా కూర్చునే ఒక మనిషి. యోగసూత్రాలలో పతంజలి చిత్తవిక్షేపాలైన తొమ్మిది అంతరాయాలలో వ్యాధినే మొదట లెక్కించాడు. వ్యాధి సాధనకు ఆటంకమని ఆయనే ఒప్పుకొన్నప్పుడు, జపం సాగలేదని రోగి తనను తాను నిందించుకోనక్కరలేదు.

శాస్త్రం ఇచ్చిన సడలింపులు

రోగులలో అనేకులు బాధ కంటె 'ఆచారం తప్పుతున్నది' అనే భయంతో ఎక్కువ కుంగిపోతారు. ఆ భయం అక్కరలేదు. నీరు, కందమూలాలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యం, ఔషధం ఈ ఎనిమిదీ వ్రతభంగం కలిగించవని ధర్మశాస్త్రం. ఏకాదశినాడు వేళకు పాలు పండ్లు తీసుకుని మాత్ర వేసుకొన్నవానికి వ్రతం చెడలేదు. చన్నీటి తలస్నానం పడనివానికి కంఠస్నానం, తడిగుడ్డతో తుడుచుకోవడం ఉన్నాయి. మంత్రస్నానం, భస్మస్నానం, మానసస్నానం కూడ స్నానాలే. గాయత్రి ఉత్తమపక్షం వేయి అయినా కనీసపక్షం పది. ఆత్మప్రదక్షిణలో తాను తన చుట్టూ తిరగడం తలతిరుగుడు ఉన్నవారికి అపాయకరం కనుక నిలబడి చేతులు జోడించి మనస్సుతో ప్రదక్షిణ చేస్తే చాలు. అంగప్రదక్షిణ మొక్కుకొనరాదు. వేగంగా శ్వాసను ఊదే ప్రాణాయామాలు వైద్యుని, గురువును అడగక చేయరాదు. లేవలేని దినాన పడుకొనే చేసిన నామస్మరణకు ఏ లోపమూ లేదు.

మేల్పుత్తూరు నారాయణ భట్టతిరి వాతవ్యాధితో బాధపడుతూ గురువాయూరులో శతదశకాల నారాయణీయాన్ని రచించాడని ప్రసిద్ధి. ఆ గ్రంథాన్ని చూపి 'పారాయణ చేస్తే మందులక్కరలేదు' అనేవారున్నారు. గ్రంథం నేర్పేది వేరు. ఆ కవి తన బాధను స్వామి దగ్గర దాచలేదు. ఆరోగ్యం కావాలని అడగడానికి సిగ్గుపడలేదు. బాధ ఉన్నంతకాలమూ తన శక్తి కొద్దీ పని ఆపలేదు. ఈ మూడింటినీ నేటి రోగి ఆచరించవచ్చు.

ఆలయాల, గృహస్థుల వంతు

సడలింపులు శాస్త్రంలో ఉంటే చాలదు, ఆలయంలోనూ ఉండాలి. లౌడుస్పీకరు ధ్వని గర్భాలయంలోని మంత్రాన్ని మించవలసిన అవసరం లేదు. మిరుమిట్లు గొలుపుతూ ఆరి వెలిగే రంగుదీపాలు ఆగమవిహితాలు కావు, నేతిదీపమే విహితం. మూసిన మండపంలో సాంబ్రాణి పొగ కమ్ముకోకుండా గాలి ఆడే ఏర్పాటు చేయవచ్చు. దర్శనపు వరుసలో కళ్ళు తిరిగేవారికి ఒక బల్ల, ఒక గ్లాసు మంచినీరు, ముందుగా పంపే మర్యాద, ఇవి ఖర్చుతో కూడినవి కావు. అర్చకులు కూడ 'ఏం పాపమో' అని అడిగినవారికి గ్రహశాంతి చెప్పక ముందు 'వైద్యునికి చూపించుకున్నావా తల్లీ?' అని అడగాలి. శాంతి చేయించవచ్చు, అది చికిత్సకు తోడుగా ఉండాలి, బదులుగా కాదు. మగ్గంపై గంటకొకసారి చూపు మరల్చి లేచే అవకాశం, వేళకు భోజనం, నియతమైన నిద్ర, ఇవి ఇంటివారు ఇవ్వగలిగిన నిత్యపూజలు.

లేపాక్షి నాట్యమండపంలో వేలాడే స్తంభం ఉన్నది. దాని పాదం నేలను పూర్తిగా తాకదు. భక్తులు దాని కింద నుండి గుడ్డను జరిపి ఆశ్చర్యపడతారు. కాళ్ళ కింద నేల నిలకడగా తోచకపోయినా ఇంటి కప్పును మోస్తూ నిలబడిన స్తంభాలు ధర్మవరం మగ్గాల ఇళ్ళలో, పెనుకొండ వీధులలో, హిందూపురం మార్కెట్టులో ఎన్నో ఉన్నాయి. వాటిని చూసి ఆశ్చర్యపడేవారు తక్కువ, కదిలించి పరీక్షించేవారు ఎక్కువ. భక్తులు చేయవలసినది పరీక్ష కాదు, ఆసరా.

దివ్యవైద్యుడైన రుద్రుడు పీడితులకు ఆరోగ్యాన్ని, చుట్టూ ఉన్నవారికి దయను ప్రసాదించుగాక.

స్వస్తి.